పల్లెవెలుగుకు కరెంటు



జూరాల దగ్గర కృష్ణానది మీదున్న జలవిద్యుత్ కేంద్రంలో ఆరు టర్బైన్లున్నాయి. ఒక్కొక్కటి 39 మెగావాట్లు, మొత్తం 234. అందులో ఒక్క టర్బైన్ పూర్తి బలంతో గంటసేపు తిరిగితే 39 వేల యూనిట్ల కరెంటు పుడుతుంది. ఇక బస్సు లెక్క చూద్దాం. పన్నెండు మీటర్ల పొడవుండే కరెంటు బస్సు కిలోమీటరుకు సుమారు 1.2 యూనిట్లు తీసుకుంటుంది. రోజుకు 200 కిలోమీటర్లు తిరిగితే 240 యూనిట్లు. నూరు బస్సులకు 24 వేలు. ఛార్జింగులో పోయే నష్టాన్ని కలుపుకుని 27 వేలు అనుకుందాం. అంటే జూరాలలో ఒక్క టర్బైన్ ముప్పావు గంట తిరిగితే పుట్టే కరెంటుతో నూరు బస్సులు పొద్దంతా నడుస్తాయి.

ఈ లెక్కతో ఎందుకు మొదలుపెట్టానంటే, కరెంటు బస్సు అనగానే మనవాళ్లు అది పట్నం సంగతి అని పక్కన పెట్టేస్తున్నారు. శంషాబాద్ విమానాశ్రయానికి పోయేది, విజయవాడకు ఏసీ వేసుకుని పోయేది కరెంటు బస్సు. గద్వాల బస్టాండులోనో, వనపర్తి బస్టాండులోనో, నాగర్‌కర్నూల్ బస్టాండులోనో వచ్చి ఆగే పల్లెవెలుగు మాత్రం ఎప్పటికీ డీజిల్ బస్సే అనుకుంటున్నారు. ప్రభుత్వ పథకాలు కూడా అదే తీరుగా రాసిపెట్టి ఉన్నాయి. నేను ఈరోజు మీ ముందు పెట్టదలచుకున్నది ఒక్కటే మాట. బస్సు తప్ప వేరే దిక్కులేని ఊళ్లకు కరెంటు బస్సు ముందుగా రావాలి. అది ఏసీ కోచ్‌గా కాదు, పల్లెవెలుగుగా రావాలి.

బస్సు తప్ప దిక్కులేని ఊళ్లు అన్నాను. ఆ మాట ఊరికే అనలేదు. 2016 అక్టోబర్ 11న మన మూడు ఊళ్లూ జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, మెడికల్ కాలేజీలు వచ్చాయి. కానీ నాగర్‌కర్నూల్‌కు ఇప్పటికీ రైలు లేదు. వనపర్తికి పేరుకు స్టేషనుంది, వనపర్తి రోడ్ అని. అదున్నది మదనాపురంలో. రైలు దిగినవాళ్లు అక్కడినుంచి మళ్లీ బస్సో ఆటోనో పట్టుకుని ఊరు చేరాలి. మూడింటిలో గద్వాల ఒక్కటే నయం. సికింద్రాబాద్ నుంచి డోన్ పోయే లైను మీద ఉంది, అక్కడినుంచి రాయచూరుకూ లైనుంది. అయినా గద్వాలనుంచి అయిజకు పోవాలన్నా, ధరూరుకు పోవాలన్నా రైలు పనికిరాదు. వేరుశనగ అమ్ముకోవడానికి మార్కెట్ యార్డుకు వచ్చే రైతు, రాజోలినుంచి చీరల మూట తెచ్చుకునే నేతన్న, వనపర్తి రాజాగారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్‌కు వచ్చే పిల్లలు, కొల్లాపూర్ నుంచి పెద్దాసుపత్రికి బయల్దేరిన ముసలితల్లి, వీళ్లందరికీ ఉన్నది బస్సే.

ఆ బస్సుకు మన దగ్గర పాత చరిత్రే ఉంది. నిజాం ప్రభుత్వం 1932 జూన్‌లో రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా శాఖను పెట్టింది. అప్పుడున్నవి 27 బస్సులు, 166 మంది సిబ్బంది. ఆ శాఖే 1951 నవంబర్‌లో హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అయింది. ఇప్పుడు తెలంగాణ ఆర్టీసీగా నడుస్తున్నది దానినుంచి విడివడిన సంస్థే. లాభం వచ్చే రూటుతోపాటు నష్టం వచ్చే రూటులోనూ బస్సు తిప్పాలన్న పద్ధతి ప్రభుత్వ సంస్థ కాబట్టే నిలిచింది. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. అప్పటినుంచి ఆడవాళ్లు పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుని ఎక్కుతున్నారు. పొద్దున తొమ్మిదింటికి బిజినేపల్లి చౌరస్తాలో నిలబడి చూడండి. ఫుట్‌బోర్డు మీద కూడా చోటుండదు. బస్సుల అవసరం పెరిగింది. పెరిగిన ప్రతి బస్సుకూ డీజిల్ పోయాలా, కరెంటు పెట్టాలా అన్నది ఇప్పుడు తేల్చుకోవలసిన ప్రశ్న.

అసలు ఈ బస్సులో ఏముంటుందో ముందు చూద్దాం. తెల్లవారుజామున ఏ డిపోకైనా పోండి. తొలి ట్రిప్పు బస్సును డ్రైవర్ స్టార్ట్ చేసి, కాసేపు ఇంజన్‌ను అట్లాగే తిరగనిస్తాడు. బ్రేకులకు కావలసిన గాలి ట్యాంకులో నిండాలి. గేజ్‌లో ముల్లు పైకి వచ్చేదాకా బస్సు కదలదు. ఈలోపు నల్లటి పొగ డిపో ఆవరణంతా కమ్ముకుంటుంది. పక్కన స్పానర్లు పట్టుకుని పనిచేసే మెకానిక్కులు ఆ పొగనే పీలుస్తూ ముప్పై ఏళ్ల ఉద్యోగం చేస్తారు. కరెంటు బస్సులోనూ గాలి బ్రేకులుంటాయి. కానీ ఆ గాలిని చిన్న మోటారు నింపుతుంది. పొగ ఉండదు, ఇంజన్ రొద ఉండదు. క్లచ్ లేదు, గేర్లు మార్చే పని లేదు. సందుల్లో, గతుకుల్లో రోజుకు వందలసార్లు క్లచ్ తొక్కే డ్రైవర్ మోకాలికి ఆ ఒక్క మార్పు ఎంత సుఖమో వాళ్లనే అడగాలి. ఇంజన్ ఆయిల్ మార్చే పని లేదు, ఫ్యాన్ బెల్టు లేదు, సైలెన్సర్ లేదు. ఉన్నవల్లా బ్యాటరీ, మోటారు, రెండింటి మధ్యన కరెంటును అదుపు చేసే కంట్రోలర్.

ఇంకొకటుంది. డీజిల్ బస్సుకు బ్రేకు వేస్తే బలమంతా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. కరెంటు బస్సులో యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే మోటారే జనరేటర్‌గా మారుతుంది. సైకిల్ చక్రానికి ఆనుకుని తిరిగే డైనమో లైటు వెలిగించినట్లు, తిరుగుతున్న చక్రాలు బ్యాటరీని కొంత నింపుతాయి. ఆగుతూ సాగుతూ పోయే పల్లె బస్సుకు, దిగుడు ఉండే ఘాట్ రోడ్డుకు ఇది బాగా కలిసొచ్చే గుణం.

ఇది నిన్నమొన్న పుట్టిన ఆలోచన కూడా కాదు. 1907లో లండన్ వీధుల్లో బ్యాటరీ బస్సులు నడిచాయి. బ్యాటరీ అయిపోగానే షెడ్డుకు తెచ్చి, నిమిషాల్లో కొత్త బ్యాటరీ పెట్టి పంపేవారు. పొగ లేదని, చప్పుడు లేదని జనం మెచ్చుకున్నారు. ఆ కంపెనీ 1910లో మూతపడింది. యంత్రం చెడి కాదు, నడిపినవాళ్ల డబ్బు వ్యవహారాలు చెడి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను. ఆ తర్వాత వందేళ్లకు చైనాలోని షెన్‌జెన్ నగరం 2017 చివరికల్లా తన 16 వేల పైచిలుకు బస్సులన్నిటినీ కరెంటు బస్సులుగా మార్చేసింది. మన దేశంలో 2014లో బెంగళూరు రోడ్ల మీద మూడు నెలలపాటు ఒక కరెంటు బస్సును నడిపి చూశారు. 2017లో హిమాచల్‌లోని మనాలి నుంచి రోహ్‌తంగ్ కనుమకు, పదమూడు వేల అడుగుల ఎత్తుకు కరెంటు బస్సులు ఎక్కాయి. అక్కడ బస్సులిచ్చింది మన హైదరాబాద్ కంపెనీ. అప్పుడు గోల్డ్‌స్టోన్, ఇప్పుడు ఒలెక్ట్రా. చైనాకు చెందిన బీవైడీతో కలిసి ఆ బస్సులు చేసింది.

హైదరాబాద్‌లో 2019 మార్చిలో 40 బస్సులతో మొదలైంది. మియాపూర్, కంటోన్మెంట్ డిపోలనుంచి విమానాశ్రయానికి నడిపారు. 2022 సెప్టెంబర్‌లో తిరుపతి నుంచి తిరుమల కొండ మీదికి ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ కరెంటు బస్సులు ఎక్కాయి. 2023 మేలో హైదరాబాద్, విజయవాడ మధ్య ఈ-గరుడ అనే కరెంటు బస్సు వచ్చింది. ఆ ఏడాదే ఆర్టీసీ ఒకేసారి 550 బస్సులకు ఆర్డరిచ్చింది. అందులో దూరప్రాంతాలకు పోయే బస్సు ఒక్క ఛార్జింగ్‌తో 325 కిలోమీటర్లు పోతుందనీ, నగరంలో తిరిగేది 225 కిలోమీటర్లు పోతుందనీ కంపెనీ చెప్పింది. 2024 మార్చిలో ఏసీ లేని ఎలక్ట్రిక్ మెట్రో ఎక్స్‌ప్రెస్‌లు హైదరాబాద్ రోడ్డెక్కాయి. వాటిలో ఆడవాళ్లు జీరో టికెట్‌తోనే పోవచ్చు. 2024 సెప్టెంబర్‌లో కరీంనగర్‌కు, 2025 జనవరిలో వరంగల్‌కు కరెంటు బస్సులు వచ్చాయి. అంటే పట్నం దాటి జిల్లాకు రావడం మొదలైంది. ఇంకో అడుగు వేస్తే మన దగ్గరికి రావాలి.

ఆ అడుగు దగ్గరే అడ్డం ఉంది. కేంద్రం 2023 ఆగస్టులో పీఎం ఈ-బస్ సేవ అనే పథకం తెచ్చింది. పదివేల బస్సులకు చేయూత. దాని నిబంధన ప్రకారం ఊరి జనాభా మూడు లక్షలైనా ఉండాలి. ఆ తర్వాత 2024లో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో బస్సులు నలభై లక్షల జనాభా దాటిన మహానగరాలకు. హైదరాబాద్‌కు దానికింద రెండు వేల బస్సులు కేటాయించారు. సంతోషమే. ఆ నగరం గాలి బాగుపడాలి. కానీ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాలు మూడూ కలిపినా 2011 జనాభా లెక్కల్లో రెండు లక్షలు దాటవు. ఊరి జనాభాను కొలబద్దగా పెట్టుకుంటే మన వంతు ఎన్నటికీ రాదు.

జనాభా కాదు, ఆధారపడటం కొలబద్ద కావాలని నేనంటాను. హైదరాబాద్‌లో మెట్రో ఉంది, లోకల్ రైలుంది, అడుగడుగునా ఆటోలు, క్యాబులు. నాగర్‌కర్నూల్ నుంచి కొల్లాపూర్ పోవలసిన మనిషికి బస్సు తప్పితే సొంత బండి, లేదంటే కిక్కిరిసిన ఆటో. ఒక్క బస్సు మానేస్తే పట్నంలో ప్రయాణం ఆలస్యమవుతుంది, ఇక్కడ ప్రయాణమే ఆగిపోతుంది. ప్రజల సొమ్ముతో ఇచ్చే సబ్సిడీ ఎవరికి ఎక్కువ అక్కరకొస్తుందో ఆ లెక్కన పంచితే, మన డిపోలు జాబితాలో పైన ఉండాలి.

ఇక మన రూట్లు కరెంటు బస్సుకు పనికొస్తాయా? చాలామందికి ఉన్న అనుమానం ఇదే. మధ్యలో ఛార్జింగ్ అయిపోతే ఏం గతి అని. నిజానికి మనకు అనుకూలించేది దూరమే. వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ బిజినేపల్లి మీదుగా నలభై కిలోమీటర్ల చిల్లర. గద్వాల నుంచి ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి, పెబ్బేరు మీదుగా వనపర్తి యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ. గద్వాల నుంచి రాయచూరుగానీ కర్నూలుగానీ అరవైకి మించవు. నాగర్‌కర్నూల్ నుంచి అచ్చంపేట, కల్వకుర్తి, కొల్లాపూర్ అన్నీ ఆ దూరం లోపలే. పోయి వచ్చినా నూట ఇరవై. రెండు వందల కిలోమీటర్లు పోగల బ్యాటరీకి ఇది చేతిలో పని. మధ్యాహ్నం పన్నెండునుంచి మూడుదాకా మన బస్టాండుల్లో రద్దీ తగ్గుతుంది. ఆ వేళలో 180 కిలోవాట్ల ఛార్జర్ దగ్గర గంట నిలబెడితే ఇంకో నూట యాభై కిలోమీటర్లకు సరిపడా ఎక్కుతుంది. అంతేకాదు, సూర్యుడు నడినెత్తిన ఉండే ఆ వేళకే సోలార్ కరెంటు ఎక్కువగా వచ్చేది. మన పాలమూరు ఎండను తిట్టుకోని వేసవి లేదు. డిపో షెడ్ల కప్పు మీద, బస్టాండు కప్పు మీద పలకలు పరిస్తే ఆ ఎండ కొంతైనా బస్సుకు పనికొస్తుంది.

అయితే ఒక చిక్కు ఉంది. అది పట్నంలో కూర్చుని ప్లాను గీసేవాళ్లకు తట్టదు. నైట్ హాల్ట్ బస్సు. రాత్రి ఆఖరి ట్రిప్పుగా పల్లెకు పోయి, డ్రైవరూ కండక్టరూ అక్కడే పడుకుని, తెల్లారి అయిదింటికి పాలవాళ్లను, కూలీలను, కాలేజీ పిల్లలను ఎక్కించుకుని ఊరికి వచ్చే బస్సు. అది రాత్రంతా ఏ పంచాయతీ ఆఫీసు ముందో, రచ్చకట్ట పక్కనో నిలబడుతుంది. అక్కడ ఛార్జర్ ఉండదు. డిపోలో మాత్రమే ఛార్జర్లు పెట్టి, బస్సులన్నీ రాత్రికి డిపోకు రావాలంటే ముందుగా తెగిపోయేది ఈ నైట్ హాల్ట్ బస్సే. ఒక పల్లెకు తెల్లవారుజాము బస్సు పోయిందంటే ఇంటర్ చదివే ఆడపిల్ల చదువు మానడానికి అది చాలు. అందుకని ముందే నిర్ణయించుకోవాలి. దూరం తక్కువున్న నైట్ హాల్ట్ రూట్లలో, సాయంత్రం నిండుగా ఛార్జ్ చేసి పంపితే తెల్లారి మిగిలిన కరెంటుతో డిపోకు చేరుతుంది. దూరమున్న చోట మండల కేంద్రంలో, సబ్‌స్టేషన్ పక్కన చిన్న ఛార్జరొకటి పెడితే రాత్రంతా నెమ్మదిగా ఎక్కుతుంది. అదీ కుదరని రూట్లకు డీజిల్ బస్సునే ఉంచాలి. ఏ పల్లె బస్సూ కరెంటు పేరు చెప్పి రద్దు కాకూడదు.

ఇప్పుడు డబ్బు సంగతి. డీజిల్ బస్సు లీటరుకు అయిదు కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. లీటరు తొంభై అయిదు రూపాయలైతే కిలోమీటరుకు 19 రూపాయలు. కరెంటు బస్సుకు నష్టాలతో కలిపి కిలోమీటరుకు 1.35 యూనిట్లు వేసుకుని, యూనిట్ ఏడు రూపాయలన్నా తొమ్మిదిన్నర రూపాయలు. సగానికి సగం మిగులు. రోజుకు 200 కిలోమీటర్లు తిరిగే ఒక బస్సు మీద రోజుకు సుమారు 1,900 రూపాయలు, ఏడాదికి ఏడు లక్షల దాకా ఇంధనంలోనే మిగులుతుంది. కానీ కొనేటప్పుడు చూస్తే డీజిల్ బస్సు నలభై లక్షల దరిదాపుల్లో దొరుకుతుంటే, కరెంటు బస్సు కోటి దాటుతుంది. తేడా ఎనభై లక్షలనుకుంటే, 200 కిలోమీటర్లే తిప్పితే ఆ తేడా పూడటానికి పదకొండేళ్లకు పైనే పడుతుంది. అదే 300 కిలోమీటర్లు తిప్పితే ఎనిమిదేళ్ల లోపే. మరమ్మతుల్లో మిగిలేది అదనం. కరెంటు బస్సు ఎంత ఎక్కువ తిరిగితే అంత లాభం, ఖాళీగా నిలబెడితే నష్టం. అందుకే మధ్యాహ్నం ఛార్జింగ్ అంత ముఖ్యం. ఎనిమిదేళ్లకో పదేళ్లకో బ్యాటరీ సత్తువ తగ్గుతుంది, మార్చాల్సి వస్తుంది. ఆ ఖర్చును కూడా మొదటిరోజే లెక్కలో రాసుకోవాలి.

ఈ మిగులులో దేశానికీ వంతు ఉంది. మనం వాడే ముడిచమురులో నూటికి ఎనభై అయిదు పాళ్లకు పైగా బయటి దేశాలనుంచే కొంటున్నాం. లీటరు డీజిల్ కాలితే రెండున్నర కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. నూరు బస్సులు రోజుకు 200 కిలోమీటర్లు తిరిగితే నాలుగు వేల లీటర్ల డీజిల్, పది టన్నుల పైచిలుకు వాయువు. మన గ్రిడ్డులో ఎక్కువ కరెంటు బొగ్గునుంచే వస్తున్న మాట నిజం. జూరాలలో టర్బైన్లు కృష్ణకు వరద వచ్చినప్పుడే జోరుగా తిరుగుతాయి, ఎండాకాలం నిలబడిపోతాయి. కాబట్టి బస్సు మొత్తానికి మొత్తం మచ్చలేనిదని నేను చెప్పను. కానీ గ్రిడ్డులో సోలార్ పెరిగేకొద్దీ అదే బస్సు మరింత శుభ్రమవుతూ పోతుంది. డీజిల్ బస్సు పాతబడేకొద్దీ పొగ పెరుగుతుంది. దారి ఎటుందో చూసుకోవాలి.

కృష్ణమ్మ మన మూడు జిల్లాల నేలను ఒరుసుకుంటూ పోతున్నది. జూరాలకు దిగువన వనపర్తి జిల్లాలో దిగువ జూరాల, 240 మెగావాట్లు. నాగర్‌కర్నూల్ జిల్లా కొసన శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రం, 900 మెగావాట్లు. 2020 ఆగస్టులో ఆ కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిది మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ కరెంటు కోసం మన నేలలు మునిగాయి, ఊళ్లు లేచిపోయాయి, మనుషులు చనిపోయారు. ఈ కరెంటుతో నడిచే బస్సును అడిగే హక్కు ఈ ప్రాంతానికి ఉన్నదనడంలో సందేహం అక్కర్లేదు.

శ్రీశైలం రోడ్డు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన్ననూరు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 2,611 చదరపు కిలోమీటర్లు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా చెక్‌పోస్టు దగ్గర బండ్లు ఆపేస్తారు. పగలంతా బస్సులు, కార్లు బారులు తీరి పోతాయి. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరప్పుడు ఆ అడవిదారిలో ఎన్ని బండ్లు, ఎంత పొగ! మలుపులూ ఎగుడుదిగుళ్లూ ఉన్న ఆ రోడ్డు మీద దిగుడులో కరెంటు తిరిగొస్తుంది. తిరుమల కొండ మీద నడిచిన బస్సు నల్లమలలో నడవదా? అచ్చంపేటలో ఛార్జర్లు పెట్టి, జాతరనాళ్లలో సొంత బండ్లను మన్ననూరు దగ్గరే ఆపించి, అక్కడినుంచి కరెంటు బస్సుల్లో తీసుకుపోతే అడవికి మేలు, భక్తులకు మేలు. చప్పుడు లేని బస్సు అడవిలో ఇంకా మెల్లగా పోవాలి. జంతువుకు వినపడని బండి ప్రమాదమే. వేగం మీద కట్టడి ఉండాలి.

ఇప్పుడు లండన్ కంపెనీ దగ్గరికి వద్దాం. బస్సు మంచిదై, ఒప్పందం చెడ్డదైతే ఏమవుతుందో అది చూపించింది. మన దగ్గర కరెంటు బస్సులు ఎక్కువగా వస్తున్నది ఇట్లా. బస్సు కంపెనీది, డ్రైవర్ కంపెనీవాడు, బ్యాటరీ మరమ్మతూ కంపెనీదే. కండక్టర్ ఆర్టీసీ మనిషి, టికెట్ డబ్బు ఆర్టీసీది. తిరిగిన ప్రతి కిలోమీటరుకు ఆర్టీసీ కంపెనీకి ఇంత అని కడుతుంది. కోటి రూపాయలు ముందు పెట్టలేని సంస్థకు ఇది వెసులుబాటు, కాదనను. కానీ ఇన్ని కిలోమీటర్లకు తప్పకుండా కడతామని రాసుకున్నాక, డబ్బు ఎక్కువ వచ్చే రూటుకే ఆ బస్సును తిప్పాలన్న ఒత్తిడి మొదలవుతుంది. అప్పుడు పల్లెవెలుగు వెనక్కి పోతుంది. కార్మిక సంఘాలు దీన్ని ప్రైవేటీకరణ అంటున్నాయి. వాళ్ల భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. డిపోలో ముప్పై ఏళ్లుగా డీజిల్ ఇంజన్ విప్పి బిగించిన మెకానిక్‌కు, కరెంటు బస్సు వస్తే పని ఏమిటి? డ్రైవర్ ఖాళీలు ఇక ఎవరు నింపుతారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పి బస్సు తేవాలి, తెచ్చాక వెతుక్కోకూడదు.

జవాబులున్నాయి. వనపర్తిలో పాలిటెక్నిక్ ఉంది. హై వోల్టేజ్ బ్యాటరీ, మోటారు, కంట్రోలర్ మరమ్మతుల మీద అక్కడ కోర్సు పెట్టి, డిపో మెకానిక్కులకు జీతంతో శిక్షణ ఇవ్వొచ్చు. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా సంస్థ బ్యాటరీ సెల్ పరిశ్రమకు 2023 మే 6న శంకుస్థాపన చేసింది. పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి అని ప్రకటించింది. ఒలెక్ట్రా బస్సుల ఫ్యాక్టరీ షాబాద్ మండలం సీతారాంపూర్‌లో, 150 ఎకరాల్లో. బస్సు చేసేచోటు, బ్యాటరీ చేసేచోటు మన రోడ్డు మీదే ఉన్నాయి. ముంబైకి, పుణెకు వలసపోయిన మన పాలమూరు బిడ్డలకు ఈ పనులు నేర్పితే ఇక్కడే బతుకుతారు. డ్రైవర్ విషయంలో కనీసం కొన్ని బస్సులైనా ఆర్టీసీ సొంతంగా కొని, సొంత డ్రైవర్లతో నడపాలి. అప్పుడే కంపెనీ రేటు ఎక్కువో తక్కువో పోల్చి చూసుకునే తెలివి సంస్థకు మిగులుతుంది.

బస్సు కూడా మన రోడ్డుకు తగ్గది కావాలి. నగరానికి చేసిన లోఫ్లోర్ బస్సు మన ఊరి స్పీడ్‌బ్రేకర్ మీద పొట్ట ఆనించుకుంటుంది. ఎత్తున్న ఫ్లోరు, గట్టి స్ప్రింగులు, బ్యాటరీకి నీళ్లు తగలని ఏర్పాటు, మూటలు పెట్టుకునే చోటు, అన్నిటికీ మించి 44 డిగ్రీల ఎండకు బ్యాటరీని చల్లబరచే కూలింగ్ కావాలి. చిన్న రూట్లకు తొమ్మిది మీటర్ల బస్సు చాలు. డిపోలో ముప్పై బస్సులు రాత్రి ఒక్కసారే ఛార్జింగ్‌కు పెడితే రెండు మెగావాట్ల దాకా భారం పడుతుంది. దానికి విడిగా లైను, ట్రాన్స్‌ఫార్మర్ వేయించాలి. బస్సు వచ్చాక లైను కోసం ఎదురుచూడటం కాదు, లైను పడ్డాకే బస్సు రావాలి.

నేను అడిగేవి నాలుగే. ఒకటి, జనాభా మూడు లక్షలుండాలన్న నిబంధనను సడలించి, పక్కపక్కనున్న చిన్న పట్టణాలను ఒక గుంపుగా లెక్కించాలి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అట్లాంటి గుంపే. రెండు, మొదటి విడతలో వచ్చేవి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు కావాలి, జీరో టికెట్ వాటిలో చెల్లాలి. మూడు, నైట్ హాల్ట్ ట్రిప్పు ఒక్కటీ రద్దు కాదని ఒప్పందంలోనే రాయాలి. నాలుగు, ఇప్పుడున్న డ్రైవర్లకు, మెకానిక్కులకు శిక్షణ ఇచ్చి ఆ పనిలోనే నిలబెట్టాలి.

ఇవి ఎవరో మనకోసం అడుగుతారని కూర్చుంటే రావు. ఆర్టీసీ డిపోల్లో డయల్ యువర్ డిపో మేనేజర్ అని ఫోన్ కార్యక్రమం పెడుతుంటారు. మనం ఎక్కువగా ఫలానా బస్సు ఆలస్యమైందనో, ఫలానా స్టేజీలో ఆపలేదనో చెప్తాం. ఈసారి ఇంకో ప్రశ్న కూడా వేయండి. మన డిపోకు కరెంటు బస్సు కోసం ప్రతిపాదన పంపారా, పంపితే ఏ రూట్లు రాశారు, మా ఊరి తెల్లవారుజాము బస్సు అందులో ఉందా అని. మున్సిపల్ కౌన్సిల్లో, గ్రామసభలో, మీ ఎమ్మెల్యే ఊరికి వచ్చినప్పుడు ఇదే అడగండి. 1932లో 27 బస్సులతో మొదలైన సంస్థ జనం అడిగితేనే మారుమూల పల్లెదాకా వచ్చింది. కరెంటు బస్సు కూడా అడిగినవాళ్ల ఊరికే ముందొస్తుంది.